అమ్మ వేషానికి పంపిన ఫోటో

నలభై రెండేళ్ల వయసులో నాకు టీవీలో నటించాలని ఆశ పుట్టింది. మాది తమిళం మాట్లాడే ఊళ్లో తెలుగు కుటుంబం. అప్పటికి పదిహేనేళ్లుగా ఊరి శివారున సేదరపేట్‌లో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. సెలవు రోజుల్లో ఒక చిన్న నాటక బృందంలో తల్లి వేషాలు వేసేదాన్ని. సీరియళ్లకు మనుషుల్ని వెతికిపెట్టే ఒకాయన చెన్నై నుంచి వచ్చి మా నాటకం చూశాడు. "అమ్మ వేషాలకు ఆడవాళ్లు కావాలక్కా, మంచి ఫోటో ఒకటి పంపించు" అని నంబరు ఇచ్చి వెళ్లాడు.

ఆ మంచి ఫోటో ఎవరిచేత తీయించుకోవాలో నాకు తెలియలేదు. సముద్రం వైపు పసుపు గోడల వీధుల్లో పెళ్లి జంటలకు ఫోటోలు తీసే ఒకతని దగ్గరికి వెళ్లమని తోటి నటి చెప్పింది. అతను ఫోన్‌లో చూపించిన ఫోటోల్లో అందరూ మెరిసిపోతున్నారు. ఒక్కరి వయసూ అంతుపట్టడం లేదు. అప్పుడే అనుమానం రావలసింది. నాకు మాత్రం నేనూ అలా మెరవాలనిపించింది.

కాగితప్పూల తీగ కింద నిలబెట్టి, తల వంచమన్నాడు, నవ్వమన్నాడు. వారం తరువాత వచ్చిన ఫోటోలో నా కళ్ల కింది నలుపు లేదు, మూతి పక్క ముడతలు లేవు. అమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవురే ఇది? మీ చిన్నాయన కూతురా?"

నవ్వేసి ఆ ఫోటోనే పంపాను. చెన్నై నుంచి వెంటనే పిలుపొచ్చింది. కంపెనీకి సెలవు పెట్టి, బస్సులో దారి పొడుగునా మాటలు వల్లె వేసుకుంటూ వెళ్లాను. ఆఫీసులో ఉన్నామె ఫోటో వైపు, నా వైపు రెండుసార్లు చూసింది.

"ఇది మీ చెల్లెలా?" అని తమిళంలో అడిగింది.

"నేనేనమ్మా."

"ఇది చూసి వదిన వేషానికి పిలిచాం. మీ వయసుకు తగిన వేషం ఇందులో లేదు."

అంతే. నాచేత ఒక్క మాటైనా చెప్పించి చూడలేదు.

రెండోసారి సముద్రపు ఒడ్డున కురుచికుప్పంలో ఫోటోలు తీసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మా తెలుగాయనే, మామా అని పిలుస్తాను. ఒకే గది, నీలం తెర. చేపలు పట్టేవాళ్లకు గుర్తింపు కార్డుల ఫోటోలు తీసి తీసి ముసలివాడయ్యాడు.

"మామా, యాక్టింగుకు ఫోటో కావాల."

"నా దగ్గిర యాక్టింగు చెయ్యబాక మే. ఊరికే కూచో."

"ఏంది మామా, నవ్వొద్దా?"

"వస్తే నవ్వు. మీ అమ్మకి ఎట్టుంది?"

అమ్మకు చూపు తగ్గిపోతున్న సంగతి చెబుతూ ఉండగా తీసేశాడు. ఆ ఫోటోలో ఉన్నది నేనే. పదిహేనేళ్లు నిలబడి చేసిన పనంతా ఆ ముఖంలో ఉంది. ఎక్కువసేపు చూడలేకపోయాను. కానీ ఈసారి సరైన మనిషి దగ్గరికే వెళ్లానని తెలిసింది. దాన్నే పంపాను.

మూడు నెలలకు ఆ చెన్నై ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, డైరెక్టర్‌కు నీ ముఖం బాగా నచ్చింది. హీరోకు అమ్మ."

"ఎప్పుడు రావాల తమ్ముడూ?"

"రానక్కర్లేదక్కా. ఆ అమ్మ చనిపోయుంటది. గోడ మీద ఫోటో. పెద్ద సైజుది పంపితే చాలు."

"రోజూ టీవీలో కనపడతావు కదక్కా" అన్నాడు. వద్దనాల్సింది. దీన్ని పట్టుకుని ఇంకొకటి దొరుకుతుందేమో అనుకుని సరేనన్నాను. అమ్మకు చెప్పలేదు.

సీరియల్ మొదలైన సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే టీవీకి దగ్గరగా కూర్చుంది. హీరో చేతులు జోడించి నిలబడ్డాడు. నా ఫోటోకు గంధం, కుంకుమ, ప్లాస్టిక్ మల్లెల దండ, పైన ఎర్ర బల్బు. అమ్మ లేచి వెళ్లి తెర మీద నా ముఖం తడిమింది.

"ఏందే ఇది? నీకు దండ ఎవురేసినారు?"

జరిగింది చెప్పాను. అమ్మ తిట్టలేదు. ఉప్పు, మిరపకాయలు తెచ్చి నా చుట్టూ తిప్పింది. నాన్న పటానికీ, అన్న పటానికీ దండలు వేసిన చేతులవి. "నువ్వు బతికుండంగానే నాకు ఇది చూపిస్తివే" అని గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆ తరువాత ఆ వేళకు మా ఇంట్లో టీవీ పెట్టలేదు. కానీ పక్కింట్లో పెట్టేవాళ్లు. "అమ్మా, నువ్వుంటే నాకీ గతి పట్టేదా" అని హీరో ఏడవడం గోడ అవతల నుంచి వినిపించేది. నేనూ అమ్మా తలెత్తకుండా అన్నం తినేవాళ్లం.

మాటలున్న చిన్న వేషం ఏదైనా ఇప్పించమని ఆ చెన్నై ఆయనకు ఫోన్ చేశాను.

"ఇందులో నువ్వు చచ్చిపోయావు కదక్కా, ఎట్లా చూపిస్తాం? వేరేవాళ్లూ ఆ ముఖం వద్దంటున్నారు."

ఆపైన నా ఫోన్ ఎత్తలేదు.

మామకు చెబితే ఆ ఫోటో మళ్లీ తీసి చూసుకున్నాడు. "నేను బాగానే తీసినానే మే" అన్నాడు. అవును, బాగానే తీశాడు. చెడ్డ ఫోటో అయితే ఎవరినో ఒకరిని తిట్టుకునేదాన్ని.

తరువాతి నాటకం వైతికుప్పంలో వేశాం. తల్లి వేషంలో నేను ముందుకు రాగానే జనంలో ఎవరో "చచ్చిపోయిన అమ్మ" అని తమిళంలో అన్నారు. చుట్టూ నవ్వులు. నేను చెప్పాల్సిన మాట నాకు గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. కొడుకు వేషం వేసినతను కాసేపు చూసి, నా మాట తనే చెప్పేసి నాటకం నడిపించాడు. చివరిదాకా అలాగే నిలబడ్డాను. మళ్లీ ఎప్పుడూ వేషం కట్టలేదు.