చింతపండుతో తోమిన కార్బురేటర్

పండగ ముందు రోజు చింతపండు నానబెట్టిన గిన్నె దగ్గర కూర్చుంటే, ఆ పులుపు వాసన వెనకే నా ముక్కుకు పెట్రోలు వాసన కూడా తగులుతుంది. ఇంట్లో పెట్రోలు ఉండదు. ఉన్నదల్లా మా నెల్లూరు ఇంటి అలమారలో, రాగి బిందెకూ ఇత్తడి తాంబాళానికీ మధ్య, రెండు పిడికిళ్లంత ఉండి బూడిదరంగుకు తిరిగిన ఒక పాత కార్బురేటర్. ఇంటికొచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, ఇంజన్‌లోకి గాలినీ పెట్రోలునూ కలిపి పంపేదని చెబుతాను. అది మా ముగ్గురినీ దుబాయ్ నుంచి ఇంటికి పంపించబోయిన సంగతి మాత్రం అందరికీ చెప్పను.

అప్పట్లో మేము దుబాయ్‌లోని కరామాలో, రెండు గదుల ఫ్లాట్‌ని ఇంకో కుటుంబంతో చెరిసగం పంచుకుని ఉండేవాళ్లం. మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో రాష్ట్రం తాలింపు వాసన వచ్చేది, ఎండాకాలంలో కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే చుర్రుమనేది, చలికాలం రాగానే పిల్లలమంతా కిందికి దిగి, ఆగి ఉన్న కార్ల మధ్య సుద్దముక్కతో గళ్లు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. మా నాయన మస్తాన్ నెల్లూరులో లారీ మెకానిక్. దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఒక రేకుల షెడ్డులో, పాత అమెరికా కార్లను పోగుచేసే ఒక అరబ్బు ఆసామి దగ్గర పనిచేసేవాడు. అందరిలాగే నాయన కూడా ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవాడు.

ఆ కార్లను మజిల్ కార్లంటారు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు కూడా వణికేంత గొంతు. అర్బాబ్‌కు అవి కొత్తవాటిలా మెరవడం ముఖ్యం కాదు, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉన్నాయో అలా ఉండటం ముఖ్యం. బోల్టు మారినా దాని తల మీద అదే గుర్తుండాలి, ఏ ముక్క చూసినా దాని మీద అచ్చయిన నెల, బండి పుట్టిన నెలకు ముందుదే అయ్యుండాలి. నాయన రెండేళ్లుగా కూర్చుతున్న ఎర్ర బండిలో, ఇంజన్ వెనక గోడ మీద, అప్పటికి నలభై ఏళ్ల కిందట అమెరికాలో ఎవరో కూలీ సుద్దతో గీసిన గీత ఒకటి చెరగకుండా మిగిలింది. దానికి ప్లాస్టిక్ కాగితం అంటించి, ఊపిరి తగిలితే పోతుందేమో అన్నట్టు పనిచేసేవాడు నాయన. అంతకు ముందున్న పెయింటర్ అలాంటి గీత మీద రంగు కొట్టి ఆ వారంలోనే వీసా రద్దయి ఊరెళ్లాడు. ఇవన్నీ విని మా అమ్మ, "నేను కట్టిన చీరె ఏ రంగో తెలవదు గానీ, ఎవుడో గీసిన గీత మీద ఇంత ప్రేమ" అనేది.

ఆ ఎర్ర బండి చలికాలం చివర్లో కార్ల మేళాకు వెళ్లాలి. బానెట్ ఎత్తితే ఒక్క ముక్క కూడా పరాయిది ఉండదని నాయన అర్బాబ్‌కు మాటిచ్చాడు. ఆ పనిమీదే ఆయన ఉద్యోగం, దాని మీదే మా ముగ్గురి వీసా. షెడ్డులో దుమ్ము లేస్తుందని, కార్బురేటర్ లోపలి సన్నపని ఇంటి దగ్గర చేసుకునేందుకు తెచ్చి, మంచం పక్కన కాగితం పరిచి పెట్టుకున్నాడు.

రంజాన్ పండగకు ముందు రోజు. మా ఇంట్లో పండగంటే సేమ్యాల కంటే ముందు గిన్నెలు. ఊరి నుంచి మోసుకొచ్చిన రాగి చెంబులూ ఇత్తడి పళ్లేలూ దించి, చింతపండు పిప్పితో తోమి, మొహం కనబడేదాకా వదిలేది కాదు అమ్మ. తొమ్మిదేళ్ల నాకు ఆ రోజు నాలుగు చెంబులు అప్పజెప్పి వంటింట్లోకి వెళ్లింది. అవి అయిపోయాయి, పిప్పి మిగిలింది. కాగితం మీద కార్బురేటర్ పసుపూ పచ్చా కలిసిన మరకలతో, చిలుం పట్టినట్టు కనబడింది. నాయన పండగ కూడా బాగుండాలనుకున్నాను. సందుసందులోకీ వేలు పెట్టి, చేతులు మండేదాకా తోమాను.

నాయన వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని గోడకానుకుని కూర్చున్నాడు. అది తెల్లగా మెరుస్తోంది. ఆ పసుపుపచ్చ చిలుం కాదు, ఫ్యాక్టరీలో వేసిన పూత అని ఆయన చెప్పాకే తెలిసింది.

"ఎవురు తోమినారు?"

"నేనే నాయనా. పండక్కి."

కొట్టి ఉంటే బాగుండేది. దాన్ని మళ్లీ కాగితం మీద పెట్టి లేచి, "బాగానే తోమినావు" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా ఇంకెప్పుడూ ఏడవలేదు.

షెడ్డులో కొత్త పెయింటర్, పూతలాంటి రంగు తానే కొడతాననీ, పుట్టించినవాడు కూడా పోల్చలేడనీ అన్నాడట. నాయన ఒప్పుకోలేదు. పండగ మర్నాడు కార్బురేటర్‌ని తువ్వాల్లో చుట్టుకుని అర్బాబ్ దగ్గరికి బయల్దేరితే, నేనూ వస్తానని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ నాయన తన చేతిలో పాడైందని హిందీలో మొదలుపెట్టగానే నేను అడ్డుపడి, నేనే తోమానని, చింతపండుతో తోమానని చెప్పాను. అర్బాబ్ దాన్ని తిప్పి తిప్పి చూసి, నన్ను చూసి, "సేమ్ సేమ్ దూస్రా లావ్. మేళా సే పహ్లే" అన్నాడు. అచ్చం అలాంటిదే ఇంకొకటి, మేళాలోపు తెమ్మని. తేకపోతే ఏమవుతుందో ఆ పాత పెయింటర్ సంగతి తెలిసిన మాకు తెలుసు.

ఇక ప్రతి శుక్రవారం అదే పని. నమాజు కాగానే నాయనా నేనూ షార్జా తుక్కు యార్డులకు బయల్దేరేవాళ్లం. పాడు చేసింది నేను కాబట్టి వెతకాల్సిందీ నేనేనని మొండికేశాను. తొక్కుడుబిళ్ల మానేశాను. కార్బురేటర్ మీద అచ్చయిన నంబరు బట్టీ పట్టాను. జిడ్డు పట్టి కనబడని అచ్చుల మీద నోటుబుక్కు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలేవి. అలా రెండు నోటుబుక్కులు నిండాయి గానీ, ఒకటి నంబరు తప్పు, ఒకటి పగిలింది, మూడోదాన్ని ఎవరో మాకంటే ముందే తళతళలాడేలా తోమేశారు. "ఇంగ చాలు, ఊరికి పోదాం" అని అమ్మ సూట్‌కేసు దించి దులిపింది. "ఇంకో శుక్రవారం" అన్నాడు నాయన. అమ్మ దాన్ని మంచం కిందికి తోసింది.

చివరికి అది యార్డులో దొరకలేదు. ఒక తుక్కు వ్యాపారి చెబితే రస్ అల్ ఖైమా వైపు ఒక ఖర్జూరం తోటకు వెళ్లాం. అక్కడ ముసలి ఆసామి ఒకాయన ఎప్పుడో పాడైన అమెరికా కారు ఇంజన్ పీకి బావి పంపుకు బిగించుకున్నాడు. దాని కార్బురేటర్ మీద వేలు మందాన జిడ్డు. నాయన పుల్లతో కాస్త గీకాడు, నేను కాగితం పెట్టి రుద్దాను. నంబరు అదే. నెల, బండికి ఒక నెల ముందుది. గీకిన చోట పసుపుపచ్చ తొంగి చూసింది. ఏళ్ల తరబడి ఎవరూ తుడవకపోవడమే దాన్ని కాపాడింది. వేరే పంపు తెచ్చి బిగిస్తేనే ఇస్తానన్నాడు ముసలాయన. తర్వాతి రెండు శుక్రవారాలు నాయన ఆ తోటలోనే పనిచేశాడు.

ఇంటికి తెచ్చాక, పెట్రోలులో ముంచిన మెత్తటి కుంచె నా చేతికిచ్చాడు.

"నాకొద్దు నాయనా."

"నువ్వే. నిదానంగా."

ఆయన పక్కన కూర్చుని చూస్తుంటే, ఆ జిడ్డంతా నేనే దించాను. పూత పోలేదు. మేళాకు ముందు అర్బాబ్ టార్చి వేసి, ముందు సుద్దగీతనూ తర్వాత కార్బురేటర్‌నూ చూసి, నా వైపు తిరిగి "ఇమ్లీ నై?" అన్నాడు. చింతపండు పెట్టలేదని తల ఊపాను. నవ్వాడు. పాడైనదాన్ని నాయన అడిగి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ కరామా బిల్డింగ్ లేదు. షెడ్డులో కాఫీ అమ్ముతున్నారట. ఎర్ర బండి చేతులు మారి ఏ దేశంలో ఉందో తెలియదు. నోటుబుక్కులు చెదలు తిన్నాయి. నాయన పోయి నాలుగేళ్లయింది.

రేపు పండగ. అలమారలోవన్నీ ఒక్కొక్కటిగా కింద పెట్టి నా ముందుకు తోస్తోంది అమ్మ. కార్బురేటర్ దగ్గరికొచ్చేసరికి పొడిగుడ్డ తీసుకుని తనే తుడుస్తూ, నా చేతిలోని పిప్పిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"దీన్ని నువ్వు ముట్టుకోబాకమే."