సలహాల మావయ్య చేతికి ఆర్కిడ్

సలహా అడగకుండా మావయ్యగారు గుక్కెడు మంచినీళ్లు కూడా తాగరు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. కళ్లు మూసుకుని వెళ్లగలిగే దారిలో కూడా ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి, "ఎడమకేనంటావా?" అని కండక్టర్ని అడిగేవారట. రిటైరయ్యాక ఆ కండక్టరు ఉద్యోగం లోకం మొత్తానికీ పడింది.

ఇదంతా తెలిసి కూడా కోడలు పొరపాటు చేసింది. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం మానేసి కొత్త ఆఫీసులో చేరుతుంటే తోటివాళ్లు ముక్కులు చీదుకుంటూ కుండీలో ఓ ఆర్కిడ్ మొక్క ఇచ్చారు. ఏడు ఊదారంగు పూలు. ఆమె జన్మలో మొక్క పెంచి ఎరగదు.

"మావయ్యా, దీన్ని కాస్త చూసుకుంటారా?"

"తప్పకుండా. ఎలా చూసుకోమంటావ్?"

"నాకేం తెలుసు? ఎవర్నైనా అడగండి."

ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

మర్నాటికల్లా సగం వీధిని అడిగేశారు. సెలూన్ అతను పూటపూటా నీళ్లు చిమ్మమన్నాడు. ఎలా చిమ్మాలో మావయ్య నెత్తి మీదే చేసి చూపించాడు. పళ్ల డాక్టరు, కుండీలో ఉన్న బెరడు ముక్కలు తీసేసి మట్టి పొయ్యమన్నాడు. నోట్లో పనిముట్లు ఉండగా మావయ్య ఆ ప్రశ్న ఎలా అడగగలిగారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. రాంగ్ నంబరు వచ్చిన ఆవిణ్ణి కూడా వదల్లేదు. "ఎండలో పెట్టండి!" అని ఠక్కున ఫోన్ పెట్టేసిందావిడ.

కోడలు కుండీ దగ్గరికి పరిగెత్తింది. "ఇవన్నీ చేసేశారా?"

"ఛ ఛ, అడిగానంతే. చెయ్యాలా వద్దా అన్నది నిన్ను అడుగుదామని ఆగాను."

మొక్క మాత్రం తూర్పు కిటికీ పక్కన నిక్షేపంగా ఉంది.

రెండు నెలలు తిరిగేసరికి పూలు ఒక్కొక్కటే రాలాయి. ఏడోది రాలిన సాయంత్రం కోడలు కుండీ ముందు కూలబడింది. కొత్త ఆఫీసులో పక్క సీటావిడ ఇంకా పలకరించను కూడా లేదు. పాత స్నేహాలకు గుర్తుగా మిగిలింది ఈ మొక్కొక్కటే.

"చచ్చిపోయింది మావయ్యా."

"అంతేనంటావా? ఉండు, ఎదురింటి లెక్కల టీచరుగారిని అడిగొస్తాను."

"అయ్యో, ఆవిణ్ణా!" అని కోడలు లేచేలోపే వెళ్లిపోయారు. టీచరుగారు రిటైరై రెండేళ్లు. ఆవిడ తలుపు పాలప్యాకెట్టుకి తప్ప తెరుచుకోదు.

"మొక్కల గురించి నాకేం తెలుసండీ?" అని వినబడింది.

"ఆకులు లెక్కపెట్టాలి టీచర్. నాకేమో ఎప్పుడు లెక్కపెట్టినా ఒకటి తేడా వస్తోంది."

అవమానం లెక్కలకు జరిగింది కాబట్టి టీచరుగారు స్కేలు పట్టుకుని బయల్దేరారు.

"అయిదు ఆకులు. గట్టిగా ఉన్నాయి. పూలు రాలినంత మాత్రాన చచ్చినట్టా? ఎవరమ్మా ఆ ఏడ్చేది?"

కోడలు గబగబా కళ్లు తుడుచుకుంది.

అప్పట్నుంచీ ప్రతి గురువారం టీచరుగారు హాజరు. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుని చదివారు. కుండీని పది నిమిషాలు నీళ్లలో ముంచి, ఆఖరి చుక్క దాకా కారనిచ్చేవారు. "అడుగున నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి" అని మావయ్య చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. బూడిదరంగు వేళ్లు తడవగానే పచ్చబడుతుంటే చూడమని కోడల్ని వంటింట్లోంచి కేకేసి పిలిచేవారు.

నాలుగు నెలలకు ఆకుల మధ్య పచ్చటి మొటిమలాంటిది తేలింది. వేరా, పూలకాడా? మావయ్య మళ్లీ వీధిన పడ్డారు. సెలూన్ అతను వేరన్నాడు. పళ్ల డాక్టరు ఫోన్‌లో ఫొటో చూసి, కోరపన్నులా ఉందన్నాడు.

"వారం ఆగండి. కొన గుండ్రంగా ఉంటే వేరు, కాస్త చీలినట్టుంటే పూలకాడ" అన్నారు టీచరుగారు.

గురువారం వచ్చింది. టీచరుగారు కళ్లజోడు సవరించుకుని వంగారు.

"కాడే!" అంటూ టీచరుగారు చప్పట్లు కొట్టి నవ్వారు. ఆ నవ్వు వీధిలో ఎవరూ అంతకుముందు విని ఉండరు.

మర్నాడు పొద్దున చొక్కాలు ఉతకబోతూ కోడలు మావయ్య జేబు తడిమింది. నాలుగు మడతల అచ్చు కాగితం దొరికింది, కుండీతోపాటు వచ్చినది. నీళ్లు ఎన్నాళ్లకోసారి, వెలుతురు ఎంత, పూలు రాలితే భయపడొద్దని, అన్నీ ఉన్నాయి. వాక్యాల కింద పెన్సిల్ గీతలు కూడా ఉన్నాయి.

"మావయ్యా! ఇది మొదట్నుంచీ మీ దగ్గరే ఉందా?"

"ఊఁ."

"అంతా తెలిసే టీచరుగారిని అడిగారా?"

మావయ్య దొంగలా ఎదురింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "జీవితమంతా జవాబులు చెప్పిన మనిషమ్మా. రెండేళ్లుగా ఆవిణ్ణి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ కాగితాన్ని అడిగితే దానికేం ఒరుగుతుంది చెప్పు?"

ఆ రోజు ఆఫీసులో ప్రింటరు ఆగిపోయి ఎర్రలైటు వెలిగింది. కాగితాలు అయిపోయాయని కోడలికి తెలుసు. కట్ట ఏ అరలో ఉందో కూడా తెలుసు. పక్క సీటావిడ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఏవండీ, ఎర్రలైటు వెలుగుతోంది. ఏం చెయ్యమంటారు?"

ఆవిడ తలెత్తి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "అదా? రా, చూపిస్తాను. ఇంతకీ నువ్వు చేరి ఎన్నాళ్లయింది?"