సుగ్గికి పోయిన మరియమ్మ

మిరపకాయల ఘాటు తగిలితే ఎవరికైనా తుమ్ము వస్తుంది. నాకు మాత్రం ఇంగ్లీషు గుర్తొస్తుంది.

కోసిగి దగ్గరి మా బడిలో సారు ఇంగ్లీషు క్రియలను చేతలతో నేర్పేవారు. 'పిక్ ఇట్ అప్' అంటే సుద్దముక్క ఎత్తాలి, 'పుట్ ఇట్ డౌన్' అంటే దించాలి, 'పిక్ దెమ్ అప్' అంటే చెదిరిన ముక్కలన్నీ ఏరాలి. మేం అర్థం వెతుక్కునేలోపు నా పక్కన కూర్చునే మరియమ్మ పని ముగించేది.

దీపావళి దాటాక వాళ్ల నాయన బడికొచ్చాడు.

"పాపను గుంటూరు సుగ్గికి పిల్చకపోతాండాం సార్."

"పరీక్షలుండాయి కదప్పా, ఈడే వదిలిపో."

"వదిలితే కూడెవరు పెడ్తారు సార్? మిరపకాయలు తెంపేకి ఈ పాప చేతులే శానా బిర్న, చకచకా ఆడ్తాయి."

సుగ్గి అంటే కూలికోసం పోయే వలస అని అప్పటికి నాకు తెలీదు. అక్కడా ఎత్తడం, దించడం, ఏరడమే కదా, పైగా రోజంతా అదే పాఠమని అసూయపడ్డాను.

ఉగాదికి వాళ్లు తిరిగొచ్చారు. "రేపు బడికొస్తావా?" అని అడిగాను. మరియమ్మ మండే వేళ్లను నీళ్ల చెంబులో ముంచుకుని, "గొర్లకాడికి పోతాండా, నువ్వు పోప్పా" అంది.

ఆ ఏడు ఇంగ్లీషులో ఫస్టు నేనే. ఆమె లేని తరగతిలో ఎవరైనా ఫస్టొస్తారు.