మెంటార్లకు వరుసలు కలిపిన రోజు

ఈ ఎండాకాలం సైన్సు శిబిరం మొదటి రోజున మెంటార్లను పిల్లలకు పరిచయం చేసే పని నాకు అప్పగించారు. నిజామాబాద్‌లో ఒక కాలేజీ హాలు. చేతికి ఒక కాగితం ఇచ్చి, చదివితే చాలన్నారు. ఎవరు ఏం చదివారు, ఎక్కడ పరిశోధన చేశారు, ఏ బహుమతులు అందుకున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. నాకు అలాంటి కాగితాలంటే ఒళ్లు మంట. ఒకప్పుడు అలాంటిదే నన్ను తిరుగు బస్సు ఎక్కించినంత పని చేసింది.

అప్పుడు నాది తొమ్మిదో తరగతి అయిపోయింది. మాది మోస్రా. వరి, కొంచెం పసుపు, ఒక చెక్క భూమిలో చెరుకు. మా బడి సారు నా పేరు పంపితే ఈ శిబిరానికి ఎంపికయ్యాను. రెండు వారాలు నిజామాబాద్ హాస్టల్లో ఉండాలి. మా ఇంట్లో ఆడపిల్ల పరాయిచోట పడుకోవడమంటే చుట్టాల పెళ్లిలో తప్ప లేదు. అమ్మ సరేనంది. బాపు మాత్రం షరతు పెట్టాడు.

"ముందుగాల ఆ సార్లను, మేడమ్‌లను నేను సూడాలె. మంచిగనిపిస్తె ఇడిసిపెట్టి వస్త. లేకుంటె ఎంబడే తోల్కొస్త. ఏడుసుడు గీడుసుడు ఉండొద్దు మళ్ల."

అలా ఇద్దరం వచ్చి హాల్లో చివరి వరుసలో కూర్చున్నాం. నా బట్టలు, అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు ఉన్న సంచి బాపు ఒళ్లో ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అక్కడ పెట్టలేదు. ఆయన దాన్ని కింద పెడితే నేను ఉంటాను, భుజానికి తగిలిస్తే పోతాను. వేదిక మీది పెద్దలను వదిలేసి నేను ఆ సంచినే చూస్తూ కూర్చున్నాను.

వేదిక మీద ఒకాయన మెంటార్ల గొప్పలు చదవడం మొదలుపెట్టాడు. సగం ఇంగ్లీషు, మిగతా సగం ఇంగ్లీషు కన్నా కష్టమైన తెలుగు. బాపు కాసేపు ఓపిక పట్టి నా చెవి దగ్గరికి వంగాడు.

"గింత పెద్దోళ్లు మనకేం చెప్తరు బిడ్డా. నాకైతె ఒక్క ముక్క సమజైతలేదు. పా, పోదాం."

సంచి భుజానికెక్కింది. నేను దాని పట్టె పట్టుకుని వేలాడాను. తలుపు దాకా అలాగే వెళ్లాం.

వేదిక మీద కూర్చున్న మెంటార్లలో ఒకామె ఇది చూసింది. ఇప్పుడు నేను అక్క అని పిలిచేది ఆమెనే. బోధన్‌లో కెమిస్ట్రీ లెక్చరర్, అక్కడే చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. చదువుతున్నాయన్ని చదవనిచ్చి, చక్కగా మెట్లు దిగి మా వెనకే వచ్చింది.

"ఎటు పోతున్రు? ఏ ఊరు మీది?"

"మోస్రా."

"మోస్రానా? మా అమ్మ పుట్టినిల్లు మోస్రానే. అంగడి కాడి పెంకుటిల్లు."

బాపు ఆగాడు. ఆ ఇల్లు ఆయనకు తెలుసు. "అయితె నువ్వు మా ఊరి ఆడబిడ్డ బిడ్డవు. నీకు నేను మామనైత" అన్నాడు. ముఖం విప్పారింది. సంచి పట్టె భుజం మీంచి మోచేతి దాకా జారింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఇంకో మెంటారు వచ్చాడు. హైదరాబాద్‌లో పెరిగిన కుర్రాడు, ఫిజిక్స్ చెప్తాడు, అప్పటికి పెళ్లి కాలేదు. అక్క మా బాపును మచ్చిక చేసుకున్న తీరు చూసి ముచ్చటపడ్డాడు కాబోలు, రెండు చేతులూ జోడించాడు.

"మీరేం భయపడకండి మామా. మీ అమ్మాయిని నేను చూసుకుంటాను."

పెళ్లికాని పిల్లగాడు ఆడపిల్ల తండ్రిని పట్టుకుని మామా అనడమే కాక, పిల్లను చూసుకుంటానని కూడా అన్నాడు. పట్నంలో ఎలాగో గానీ మా ఊళ్లో అది పిల్లనడగడమే. సంచి మళ్లీ భుజమెక్కింది.

అక్క నుదురు కొట్టుకుంది. "ఆగుండ్రి, ఆగుండ్రి. గీ పోరనికి తెల్వక అన్నడు. మా అమ్మ దిక్కెల్లి వద్దు, చిన్నమ్మ దిక్కెల్లి వరుస కలుపుదాం. మా చిన్నమ్మను మీ ఊళ్లెనే ఇచ్చిండ్రు కదా. అట్లయితె మీరు నాకు చిన్నబాపు. ఈ పిల్ల చెల్లె. ఈ పోరడు నాకు తమ్ముడసొంటోడు, గందుకే ఈ పిల్లకు అన్న."

బాపు దీన్ని తమాషాగా తీసుకోలేదు. నిలబడి మనసులో వరుసలు కలుపుకున్నాడు, తీసేసుకున్నాడు. తర్వాత ఆ కుర్రాడి వైపు తిరిగాడు.

"ఇగ నన్నేమంటవు?"

"చిన్నబాపూ" అన్నాడు పాపం, చెమటలు తుడుచుకుంటూ.

బాపు సంచి దించి అక్క చేతికిచ్చాడు. గేటు దగ్గర మళ్లీ ఆగి, "చెల్లె పైలం, మంచిగ సూస్కో" అని ఆ కుర్రాడికే చెప్పి బస్సెక్కాడు.

ఆ రెండు వారాలూ నాకు బంగారం. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అక్క అడిగింది. సమాధానం చెప్పకుండా నిమ్మకాయ చేతికిచ్చి, పిండి చూడమంది. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఎందుకు అని అడిగే జబ్బు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

ఆ వరుసలు శిబిరంతో అయిపోలేదు. ఇంటర్ తర్వాత నా చదువు మాన్పిద్దామని ఇంట్లో అనుకుంటుంటే అక్క మోస్రా వచ్చింది. లెక్చరర్‌గా వస్తే బాపు చాయ్ పోసి పంపేసేవాడే. ఆమె వంటింట్లో కూర్చుని తిని, "చిన్నబాపూ, చెల్లెను సదివియ్యవా?" అని అడిగింది. ఇంటి బిడ్డ అడిగితే కాదనడం ఆయనకు చేతకాలేదు. అన్నయితే ప్రతి రాఖీకి వస్తాడు. నేను ఈరోజు పిల్లలకు పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ ఇద్దరి చలవే. ఈ మాట వాళ్ల ముందు అంటే తిడతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇక ఈ ఏటి హాల్లోకి వస్తాను. అక్క రిటైరైంది గానీ మెంటారుగా వచ్చింది. అన్న తల నెరిసింది. నేను కాగితం తీసి చదవబోతూ చివరి వరుస చూశాను. ఒక అవ్వ, పక్కన మనవరాలు. అవ్వ ఒళ్లో సంచి.

కాగితం మడిచేశాను. కిందికి దిగి అవ్వ దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, ఏ ఊరు మీది?"

"నందిపేట్."

నందిపేటలో నాకెవరూ లేరు. వేదిక వైపు చూశాను. అన్న సగం లేచాడు. "మా ఆవిడది నందిపేటే..." అని, అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నేనేం పిలవను. వరుస నువ్వే చూడు చెల్లె." అక్క పగలబడి నవ్వింది.

"అవ్వా, ఈయన మా అన్న. మా వదినె మీ ఊరి ఆడబిడ్డ. రోజూ మధ్యాహ్నం ఈడికొచ్చి పిల్లలకు అన్నం పెట్టేది ఆమెనే."

"మా ఊరి బిడ్డనే ఉన్నదా ఈడ?" అంది అవ్వ. మనవరాలు అవ్వ ఒళ్లోని సంచినే చూస్తోంది. నేనూ దాన్నే చూస్తున్నాను.

అవ్వ సంచి కింద పెట్టింది.