నడుముకు పిస్తోలు, చేతిలో పేపరు

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, మార్కాపురంలో మూతపడి ఉన్న మున్సిపాలిటీ పాత భవనం ఒకటి లీజుకు తీసుకుని రీడింగ్ రూము పెట్టాను. జీవితమంతా బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, చుట్టూ నలుగురు చదువుకుంటూ ఉంటే తప్ప నాకు పొద్దు గడవదు. పోటీ పరీక్షలకు తయారయ్యే ఆడపిల్లలు తర్లుపాడు నుంచి కూడా ఆటోల్లో వచ్చేవారు. పేపర్ల కోసం కొందరు పెద్దవాళ్లు వచ్చేవారు.

ఆ పెద్దవాళ్లలో ఒకాయన పలకల గనిలో మేస్త్రీగా చేసి మానుకున్నవాడు. రోజూ నాకంటే ముందే వచ్చి, నేను తాళం తీయగానే చీపురు అందుకునేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని.

ఒక వేసవి ఉదయం ఆయన పై అరలోని పుస్తకం ఒక అమ్మాయికి తీసి ఇవ్వబోతుంటే చొక్కా పైకి జరిగింది. నడుముకు తోలు ఒర, అందులో పిస్తోలు. అది చూసి ఆ అమ్మాయి తన పుస్తకాలు బల్ల మీదే వదిలేసి బయటికి వెళ్లిపోయింది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది.

"తుపాకి పెట్టుకున్న మనిషి పక్కన మా పాప ఎట్ల చదువుకుంటాది టీచరమ్మా? ఆయనన్నా రావాల, మా పాపన్నా రావాల."

మరునాడు ఆయన్నే అడిగాను. ఏమీ దాచకుండా లైసెన్సు పుస్తకం తీసి చూపించాడు.

"కలెక్టరు ఇచ్చినాడు చెల్లెమ్మా. ఇది గవర్నమెంటు బిల్డింగే గదా? గవర్నమెంటు ఇచ్చిన లైసెన్సు గవర్నమెంటు జాగాలో చెల్లదా?"

లీజు కాగితాలన్నీ చదివాను. ఆయుధాల ఊసే లేదు. మున్సిపల్ ఆఫీసులో అడిగితే, "నడిపేది మీరే గదా మేడం, మీరే చూసుకోండి" అన్నారు. చివరికి నా దగ్గర చదువుకుని వకీలైన అమ్మాయి ఇంటికి వెళ్లాను.

"భవనం వాళ్లదైనా లీజు ఉన్నన్నాళ్లు నడిపేది మీరు. లోపలికి ఏం తేగూడదో చెప్పే హక్కు మీకుందని నేను వాదిస్తా మేడం. జనం కోసం ఉన్న సర్కారు జాగాలో ఆపేదానికి లీజుదారు ఎవరని అవతలి వకీలు వాదిస్తాడు."

"మరి చట్టం ఏమంటుంది?"

"విద్యాసంస్థ ఆవరణలోకి ఆయుధం తీసుకపోగూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటాది. మీ రీడింగ్ రూము విద్యాసంస్థ అవుతాదా కాదా అనేది మళ్లా కోర్టు తేల్చాల. ముందు మీరు ఆయుధాలు తేగూడదని బోర్డు పెట్టేయండి."

బోర్డు రాయించడానికే బయల్దేరాను. కానీ రోజూ ఆ గది ఊడ్చే మనిషికి బోర్డు చేత చెప్పించడానికి మనసు ఒప్పలేదు. పెయింటరు దగ్గరికి పోకుండా ఆయన ఇంటికే వెళ్లాను.

వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది. లైసెన్సు ఎందుకు తీసుకున్నాడో ఆయన అప్పుడు చెప్పాడు. చాలా ఏళ్ల కిందట గని దారిలో ఒక మనిషిని నరకడం కళ్లారా చూశాడట. చూసినవాళ్లందరూ చూడలేదన్నారు. ఈయన ఒక్కడే సాక్ష్యం చెప్పాడు. తర్వాత బెదిరింపులు వచ్చాయి, వాటి వెనకే లైసెన్సూ వచ్చింది.

"కేసు అయిపాయ. వాళ్లల్లో ఇద్దరు సచ్చిపోయినారు గూడా. నా భయమే పోలా. ఇది లేకుండా కూచుంటే ఈపు వెనక ఎవరో నిలబడినట్టే ఉంటాది చెల్లెమ్మా."

"పెండ్లికి పోయినా గోడకు ఆనుకోనే కూచుంటాడమ్మా" అంది వాళ్లావిడ మెల్లగా.

"అన్నా, నిన్ను ఆపే హక్కు నాకుందో లేదో నాకింకా తెలీదు" అన్నాను. "కోర్టుకు పోతే నువ్వే గెలుస్తావేమో. నేను దానికోసం రాలేదు. ఆ పిల్ల భయపడుతోంది. భయమంటే ఏందో నాకన్నా నీకే బాగా తెలుసు."

ఆయన తల ఎత్తాడు. "నన్ను చూసా?" అన్నాడు. మళ్లీ అదే మాట, ఈసారి వాళ్లావిడ వైపు తిరిగి. తననెవరో భయపెట్టడమే తప్ప తనను చూసి ఒకరు భయపడతారని ఆయనకు ఎన్నడూ తట్టినట్టు లేదు.

మూడు రోజులు రాలేదు. నేనే ఊడ్చుకున్నాను. నాలుగో రోజు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"బీరువాలో పెట్టి తాళమేసి వచ్చినా."

తలుపుకు ఎదురుగా, గోడ పక్కన ఆయనకు కుర్చీ వేసి ఉంచాను. నా కుర్చీ దాని పక్కకే జరుపుకున్నాను. పేపరు తెరిచాడు కానీ ఒక్క పేజీ కూడా తిప్పలేదు. ఎవరు లోపలికి వచ్చినా చెయ్యి నడుము దాకా పోయి ఆగేది. చెమట తుడుచుకుంటూ గంటసేపు కూర్చుని వెళ్లిపోయాడు. మరునాడు ఇంకొంచెంసేపు ఉన్నాడు. ఆ నెలాఖరుకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. దూరంగా కూర్చుంది. తర్వాత ఒక రోజు తనంతట తనే వచ్చి, "తాతా, ఆ పేపరు అయిపోయిందా?" అని అడిగింది. ఆయన చదవకుండానే ఇచ్చేశాడు.

బోర్డు రాయించనే లేదు. నాకు ఆ హక్కు ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

మొన్న కార్తీకంలో రెండు రోజులు ఆయన కనిపించలేదు. నాకు మనసు ఆగక వాళ్లింటికి బయల్దేరబోతుంటే తనే వచ్చాడు. పెద్దదోర్నాలలో ఉన్న కూతురింటికి వెళ్లాడట. ఒక్కడే, బస్సులో, ఒట్టి చేతులతో.

"శ్రీశైలం పోయే జనం, కాలు పెట్టే సందు లేదు" అన్నాడు. ఇంకేదో చెప్పాలని ఉండి సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "నిద్ర పట్టింది చెల్లెమ్మా. దోర్నాల వచ్చిందని కండక్టరు తట్టి లేపినాడు."