అరచేత్తో చూసిన వేడి

మా ఊరు పార్సిప్పనీలో చలికి కారే మొరాయిస్తుంది. ఇక గరాజ్‌లో ఏడేళ్ళు కూర్చుని నా చేతులతో నేను బిగించుకున్న చిన్న విమానం సంగతి చెప్పాలా! చలికాలం దాని ఇంజన్‌లో ఆయిల్ జిగురులా చిక్కబడిపోతుంది. అలాగే స్టార్ట్ చేస్తే లోపల అరిగిపోతుంది. అందుకే ఎగరాలనుకున్న రోజు ముందుగా దానికి వేడిగాలి పట్టాలి. గ్యాస్ హీటర్ నుంచి ఒక రేకు గొట్టం విమానం ముక్కులోకి దూర్చి, పైన మా ఆవిడ పాత చీరలతో కుట్టిన బొంత కప్పుతాను. ఎయిర్‌పోర్ట్‌లో దాన్ని ఉంచిన షెడ్‌కి పక్క షెడ్లవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు కొన్న కవర్ల కంటే మా బొంతే వేడి నిలుపుతుంది.

ఇంజన్ కాగిందో లేదో చెప్పడానికి థర్మామీటర్ ఉంది. దాన్ని నేనెప్పుడూ లెక్కచెయ్యలేదు. గ్లవ్ తీసి, ముందున్న సందులోంచి చెయ్యి పెట్టి ఇంజన్‌ని తాకుతాను. పెనం కాగిందో లేదో మా ఆవిడ నీళ్ళు చిలకరించి చూస్తుంది, నాకు అరచెయ్యి చాలు.

ఆ శనివారం పొద్దున ఆవిడ కూడా వచ్చింది. నాకు షుగర్ వచ్చిన దగ్గర్నుంచి ఒంటరిగా పంపడం మానేసింది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని మాత్రం ఆవిడకి చెప్పలేదు. మరుసటి వారమే పైలట్‌గా నా మెడికల్ టెస్ట్. నరాల సమస్యలేమైనా ఉన్నాయా అని ఆన్‌లైన్ ఫారంలో అడిగితే 'లేదు' అని నింపి పెట్టుకున్నాను. ఉందంటే ఎగరనివ్వరని భయం.

అరగంట అయ్యాక చెయ్యి పెట్టాను. వేడిగానూ లేదు, చల్లగానూ లేదు. ఇంకో పావుగంట ఆగి మళ్ళీ పెట్టాను. అంతే.

ఆవిడ కార్ దిగి వచ్చింది. "ఏమండీ, ఇంకా వార్మ్ అవ్వలేదా?"

"హీటర్ సరిగ్గా వర్క్ చేస్తున్నట్టు లేదు," అన్నాను, చెయ్యి తియ్యకుండానే.

వంగి చూసింది. నా మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. "పిచ్చా మీకు? చెయ్యి హీటర్ పైప్‌కి ఆనించి పెట్టారు! స్కిన్ కాలిపోయింది!"

అరచేతికి అడ్డంగా ఎర్రటి చార. నొప్పి లేదు. ఇప్పుడు భయం వెయ్యాలి కదా అనుకున్నాను. అదీ వెయ్యలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"దసరా నుంచి."

తిట్టలేదు. తిడితే బాగుండేది. హీటర్ ఆపి, బొంత కిందకి తనే చెయ్యి పోనిచ్చి ఇంజన్‌ని తాకి చూసింది. "ఇది ఎప్పుడో రెడీ అయిందండీ," అంది. నేను బొంత తీసి మడతపెట్టి, షెడ్ తలుపు వేశాను.

ఇంటికొచ్చాక ఆవిడ ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టింది. నేను లాప్‌టాప్ తెరిచి, ఫారంలో 'లేదు' తీసేసి 'ఉంది' నొక్కాను. నొక్కానో లేదో వేలికి తెలియలేదు. స్క్రీన్ మీద చూసి తెలుసుకున్నాను.