నూగు రాలిన పురుగులు, బాబాయి సాకులు

మా బాబాయి ఉద్యోగం సెగవ్యాధి సూక్ష్మజీవుల్ని సాకడం. పులుల్ని సాకుతున్నట్టు కాలరెగరేసుకు తిరుగుతాడు. చేసేదల్లా పాత ప్లేటు మీద పురుగుల గుంపులుగా మొలిచిన చుక్కల్లోంచి ఒకదాన్ని తీగతో గీకి కొత్త ప్లేటు మీద పూయడం. ఈ భాగ్యానికి తెల్లకోటొకటి.

ఆ పురుగూ ఆయనకి తగ్గదే. దాని ఒంటినిండా నూగు. ఆ నూగుతోనే మనిషి లోపలి పొరకి జిడ్డులా పట్టుకుంటుంది. మన ఒళ్లు ఆ నూగుని గుర్తుపట్టి తన్నేలోపు పురుగు ఆ నూగు రకం మార్చేస్తుంది. కొత్తది కనిపెట్టేంత తెలివి దాని మొహానికి ఎక్కడేడిచింది? నూగు తయారుచేసే జన్యువు ఒకటుంటే, పనిచేయని పాత జన్యువులు ఇంకొన్ని మూలన పడుంటాయి. వాటిలోంచి ముక్కలు తెచ్చి దీనికి అతికిస్తుంది. అతుకులబొంత కప్పుకుని కొత్త చుట్టంలా మళ్లీ దిగబడుతుంది.

బాబాయి సాకులూ అంతే. బస్సు చెడిపోవడం, కడుపునొప్పి, ఇంట్లో పైపు పగలడం. ఉన్నవే మూడు. ఒకరోజు బస్సులో కడుపునొప్పి, ఇంకోరోజు పైపు పగిలి బస్సు తప్పడం. అదే ల్యాబులో సీసాలు కడిగే మా పిన్నికీ, ల్యాబు నడిపే మేడమ్‌కీ ఇవన్నీ కంఠతా వచ్చు.

మేడమ్ ఒక మందు పరీక్షిస్తోంది. పురుగు మనిషి కణాలకి అంటుకోకుండా ఆపే మందు. తీరా చూస్తే మందు వేయకపోయినా పురుగు అంటుకోవడంలేదు. "ఈసారీ ఇలాగే అయితే ప్లేట్లు చూసే మనిషిని మార్చేస్తాను" అంది.

బాబాయి మొహం వేలాడేసుకుని పిన్ని దగ్గరికొచ్చాడు.

"ఏ చుక్క గీకుతున్నారేంటి మహానుభావా?" అంది పిన్ని, సీసా తోముతూనే.

"పెద్దదే. చదునుగా, వెడల్పుగా, ఊరికే దొరుకుతుంది. చిన్నగా మెరిసేవాటికైతే లెన్సు మీదికి వంగాలి. నడుం పట్టేస్తుంది."

"చిన్నగా మెరిసేవాటికేనండీ నూగుండేది! పెద్దవన్నీ బోడివి. మేడమ్ అదే కాయితం మీద రాసి గోడమేకుకి తగిలించారుగా?"

"ఆ మేకుకే నా కోటు తగిలిస్తా."

పిన్ని నెత్తి కొట్టుకుంది. ఇన్నాళ్లూ బోడిదాని పిల్లల్నే ఏరి ఏరి పెంచాడు మహారాజు! నూగున్న అసలు విత్తనం ఫ్రీజరులో ఉంది. తాళం మేడమ్ దగ్గర.

"ఫ్రిజ్ పైపు పగిలి, వేడికి నూగు రాలిపోయిందందామా?"

"ఆ అతుకులు ఆవిడ వాసనబట్టి పట్టేస్తుంది. వెళ్లండి."

వెళ్లాడు. నోరు తెరిస్తే ఒక్క ముక్కా అతకలేదు.

"బద్ధకించానమ్మా. వంగలేక పెద్దవి తీశాను."

మూడు సాకులకీ మేడమ్ దగ్గర జవాబులున్నాయి. దీనికి లేదు. తిట్టడం కూడా మరిచిపోయి తాళం తీసింది. "ముందు ఆ కోటు అక్కణ్ణుంచి తియ్యి" అని మాత్రం అంది.

బాబాయి లెన్సు మీదికి వంగి, మెరిసే చిన్నచుక్కల్నే ఏరాడు. ఈసారి పురుగు కణాలకి జిగురులా పట్టుకుంది. బాబాయి ఉద్యోగాన్ని అంతకంటే గట్టిగా పట్టుకున్నాడు.

ఇప్పుడు నడుంనొప్పని నాలుగో సాకు మొదలెట్టాడు. ఖర్మేంటంటే, ఇది నిజం. పిన్ని తిడుతూనే రోజూ కాపడం పెడుతోంది.